వెర్నా గారి తరలింపు సంచులు

మా మెట్లకి పెద్దదిక్కు వెర్నా స్టిడమ్. మెట్లంటే ఉత్త మెట్లు కాదు, ఆ మెట్లెక్కి దిగే ఎనిమిది కుటుంబాలూ అని. జర్మనీలో మా అమెరికా సైన్యం వాళ్ళ క్వార్టర్సన్నీ అలాగే ఉండేవి. ఒక వీధి తలుపు, ఒక మెట్లదారి, అంతస్తుకి రెండు ఇళ్ళ చొప్పున నాలుగంతస్తులు. కొత్తగా పరిచయమైన వాళ్ళు ముందు "మీరే మెట్లు?" అని అడిగేవారు. ఇంటిపేరు ఆ తరవాతే.

రూలు ప్రకారం మెట్లలో ఎవరి ర్యాంకు పెద్దదైతే వాళ్ళదే పెద్దరికం. ఆ లెక్కన అది వెర్నా భర్త సార్జెంట్ ఓడెల్ స్టిడమ్‌కి రావాలి, వచ్చింది కూడా. కానీ ఓడెల్ బండ్ల షెడ్డులో ట్రక్కుల కింద వెల్లకిలా పడుకుని బతికే మనిషి. ఇంటికొచ్చేది భోంచెయ్యడానికీ బూట్లు విప్పడానికీనూ. తనకొచ్చిన పెద్దరికాన్ని ఆయన గుమ్మంలోనే భార్య చేతిలో పెట్టి, వెళ్ళి సోఫాలో నిద్రపోయాడు. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని తీసుకుంది.

కెంటకీ కొండల్లో పుట్టిన మనిషి. ఒడ్డూ పొడుగూ ఉండేది. మధ్యాహ్నం దాకా జుట్టుకి రింగులు చుట్టుకునే తిరిగేది. ఆవిడ మొదటి అంతస్తులో నిలబడి మాట్లాడితే నాలుగో అంతస్తు వాళ్ళు తలుపు తీసి "మమ్మల్నా?" అని అడిగేవారు. మెట్లు కడిగే వంతులు, నేలమాళిగలో బట్టలుతికే వంతులు, అటక మీద ఆరేసుకునే వంతులు, అన్నీ ఆవిడ నోటిమీదే నడిచేవి. నా వంతు వచ్చిన వారం రెయిలింగు మీద వేలు రాసి, ఆ వేలిని నాకు చూపించకుండా తనే చూసుకుంటూ "ఊఁ" అనేది. తిట్లయినా పడొచ్చు గానీ ఆ "ఊఁ" పడలేం.

నేను నోరీన్ వాసెక్‌ని, ఆవిడ ఎదురింటి దాన్ని. పెళ్ళయిన ఏడాదికి నెబ్రాస్కా నుంచి మా ఆయన గ్లెన్ వెనక వచ్చాను. నేనొచ్చిన రోజున వెర్నా మా ఫ్రిజ్‌లో పాలూ గుడ్లూ పెట్టి, మంచాల మీద దుప్పట్లు పరిచి, పొయ్యి మీద చిక్కుడుగింజలూ మాంసం కూరా వండి ఉంచింది. మేం తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. తిన్నాక నా చేతిలో ఒక ఖాళీ కాన్వాసు సంచి పెట్టి, "ఇది నీ తరలింపు సంచి, పిల్లా. రేపు సాయంత్రానికి నిండాలి," అంది. నాకింకా ప్రయాణం బడలిక తీరలేదు, అప్పుడే పారిపోయే ఏర్పాట్లన్నమాట.

ఆ సంచి ప్రతి ఇంటికీ ఉండాల్సిందే. అవి 1983 నాటి రోజులు. తూర్పు జర్మనీ కంచె మా ఊరి కొండకి అవతలే. అటు నుంచి ట్యాంకులు బయల్దేరిన రోజున మా మగాళ్ళు కంచె వైపు వెళ్ళాలి, మేం పిల్లల్ని కార్లలో వేసుకుని పడమరకి, రైన్ నది దాటి పోవాలి. అందుకని సంచిలో దుప్పట్లు, డబ్బాల తిండి, మందులు, పాస్‌పోర్టులు, పిల్లలకి రెండు జతల బట్టలు. కారులో ఎప్పుడూ సగం ట్యాంకుకి తగ్గకుండా పెట్రోలు. మా మెట్లలో వీటి తనిఖీ అంతా వెర్నాదే. మూడు నెలలకోసారి తలుపు తట్టి, సంచి బోర్లించి, మా కార్ల తాళాలు అడిగి తీసుకుని పెట్రోలు ముల్లు ఎక్కడుందో చూసేది. సంచిలోని పీచ్ పళ్ళ డబ్బా నేను తినేశానని ఒకసారి నా మొహం చూసే కనిపెట్టింది. మర్నాడు పొద్దున్నే కొత్త డబ్బా తెచ్చి మా గుమ్మం ముందు పెట్టింది, దాని మీద "ఇది రష్యన్లు వచ్చాక" అని రాసి మరీ.

మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. కానీ నెలనెలా సైరన్ మోగేది. మగాళ్ళు బూట్ల తాళ్ళయినా కట్టుకోకుండా మెట్లు దిగి పరిగెత్తేవారు. కాసేపటికి ఊళ్ళో రోడ్డు మీద ట్యాంకులు కదిలితే అల్మైరాలో కప్పులు గలగలమనేవి. అది డ్రిల్లో, నిజమో వాళ్ళు తిరిగొచ్చేదాకా ఎవరూ చెప్పేవారు కాదు. అప్పుడు మాత్రం ఎవరికీ నవ్వొచ్చేది కాదు. ఒక్కొక్కరుగా వెర్నా వంటింట్లోకి చేరేవాళ్ళం. ఆవిడ కాఫీ పోసి, "సంచులెక్కడున్నాయి?" అనేది. తలుపు పక్కనే ఉన్నాయని చెప్తే, "అయితే కాఫీ తాగండి," అనేది. ఆ మాటకే మాకు సగం భయం తగ్గేది.

అప్పటిదాకా తరలింపు డ్రిల్లంటే సంచులు మోసుకుని జిమ్‌లోకి వెళ్ళి, బల్ల ముందు నిలబడి, డోనట్ తిని రావడమే. ఆ శరదృతువులో పైనుంచి కొత్త ఆర్డరొచ్చింది. ఈసారి కార్లు నిజంగా కదలాలట. వచ్చే నెలలో ఏదో ఒక పొద్దున ఫోన్ మోగుతుంది, ప్రతి ఇల్లాలూ తన కారు తనే నడుపుకుంటూ నలభై మైళ్ళ అవతల ఉన్న ఒక ఫుట్‌బాల్ మైదానానికి చేరాలి. మెట్లవారీగా వరసలో వెళ్ళాలి, వరసలో మొదటి కారు మెట్ల పెద్దది. ఆ నెలంతా మగాళ్ళు శిక్షణకని అడవుల్లో ఉంటారు.

ఆ కబురు తెలిసిన రోజు సాయంత్రం వెర్నా మా ఇంటికొచ్చింది. వచ్చి రెయిలింగు గురించి గానీ పీచ్ పళ్ళ గురించి గానీ ఎత్తలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

"నోరీన్ పిల్లా, నీ కారుకి ఇప్పటికే అన్ని వైపులా సొట్టలున్నాయి కదా," అంది.

"ఉన్నాయి, మిస్ వెర్నా," అన్నాను. ఆవిడ వైపు పెద్దావిడల్ని, పెళ్ళయినా సరే, అలాగే పిలుస్తారు.

"ఇంకో రెండు పడితే నీకేం బాధ లేదు కదా."

మాది నారింజ రంగు ఓపెల్. బదిలీ మీద వెళ్ళిపోయే కుటుంబం వచ్చే కుటుంబానికి అమ్మగా అమ్మగా అది మాకు ఎన్నో చెయ్యో ఎవరికీ తెలీదు. దాని మీద నాకు ప్రేమ లేదు గానీ, దానికేం కాబోతోందో తెలుసుకోవాలనిపించింది. ఆవిడ వెనక్కి తిరిగి తలుపు మూసింది. వెర్నా తలుపు మూసి మాట్లాడ్డం నేను చూడ్డం అదే మొదలు.

"నాకు బండి నడపడం రాదు," అంది.

నేను నవ్వాను. ఎందుకు నవ్వనూ? మెట్లలో అడుగుపెట్టిన ప్రతి కొత్త పెళ్ళికూతుర్నీ కూర్చోబెట్టి జర్మన్ రోడ్డు గుర్తులన్నీ బట్టీ పట్టించింది ఆవిడే. మేమంతా లైసెన్సు పరీక్ష పాసయ్యామంటే ఆవిడ చలవే. ఆవిడ పర్సులోనే సైన్యం ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్సు ఉంది, నా కళ్ళతో చూశాను. కానీ ఆవిడ నవ్వలేదు. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం చెప్పింది.

పదహారేళ్ళప్పుడు ఊళ్ళో లైసెన్సు తీసుకుందట. రెండో వారంలో నాన్న ట్రక్కు తీసి, తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కొండ దిగుతుంటే బ్రేకు మీద వెయ్యాల్సిన కాలు ఇంకెక్కడో వేసిందట. ట్రక్కు వాగులోకి దిగింది. వాగులో నీళ్ళు మోకాలి లోతు. ఎవరికీ గీత కూడా పడలేదు. అయితే తమ్ముడు సీటు ముందుకి జారి తల కిందకి పెట్టి పడి ఉంటే, ఆవిడ పిలిస్తే పలకలేదట. కాసేపటికి లేచి పకపకా నవ్వాడట. "వాడు నవ్వాడు గానీ, పిల్లా, వాడు పలకని ఆ కాసేపూ నాలోంచి పోలేదు," అంది. ఆ తరవాత మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. లైసెన్సు మాత్రం పోస్టులో కొత్తది తెప్పించుకుంటూ వచ్చింది. అది చూపించి, గుర్తుల పరీక్షలో నూటికి నూరు తెచ్చుకుంటే సైన్యం వాళ్ళు ఇంకేమీ అడగలేదు.

మరి ఓడెల్‌కి తెలీదా అన్నాను. తెలీదట. పెళ్ళికి ముందు, మా నాన్న ట్రక్కు ఊరంతా తిప్పేదాన్నని గొప్పలు పోయిందట. ఆయన నమ్మాడు. బండి కనిపిస్తే చాలు తనే ఎక్కి కూర్చునే మనిషి కాబట్టి ఆ అబద్ధానికి ఎప్పుడూ పని పడలేదు.

"ఇప్పుడైనా చెప్పెయ్యండి. ఆయనే నేర్పుతాడు," అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "సైరన్ మోగిన ప్రతిసారీ ఆయన గుమ్మంలో ఆగి, 'వెర్న్, నువ్వు పిల్లల్ని తీసుకుపోతావుగా' అంటాడు. 'పోతాను' అంటాను. ఆ ఒక్క మాట జేబులో పెట్టుకుని వెళ్తాడు. అది కూడా లాగేస్తే అక్కడ ఆయన చేతులాడతాయా?" అంది. "నాకు మైదానం దాకా వెళ్ళడం వస్తే చాలు, నోరీన్. అంతకన్నా ఏం అక్కర్లేదు," అంది.

ఆవిడకి ముగ్గురు పిల్లలు. పన్నెండేళ్ళ కార్లా, ఆరేళ్ళ డ్వైట్, ఇంకా సీసా వదలని రూబీ. నాకు ఇంక వేళాకోళం ఆడబుద్ధి కాలేదు. ఆడకుండా ఉండలేదనుకోండి, అది వేరే సంగతి.

వాళ్ళ కారు మీద నేర్చుకోడానికి లేదు. అది ఓడెల్ అమెరికా నుంచి ఓడ మీద తెప్పించుకున్న స్టేషన్ వ్యాగన్. ఊరి సందులో దూరితే రెండు పక్కలా జనం గోడలకి అతుక్కుపోవాల్సినంత వెడల్పు. బండ్ల సార్జెంటు కాబట్టి అది ఎన్ని మైళ్ళు తిరిగిందో ఆయనకి కంఠతా వచ్చు. అందుకని నా ఓపెల్‌కి మూడింది. పిల్లలు బడికి వెళ్ళగానే, రూబీని నిద్రపుచ్చి మరో ఇంట్లో అప్పజెప్పి, ఊరి బయట చక్కెరదుంప చేలల్లోకి వెళ్ళేవాళ్ళం. బయటికి మాత్రం బజారుకని చెప్పేవాళ్ళం. రోజూ బజారుకెళ్ళి ఏమీ కొనకుండా వచ్చే ఆడవాళ్ళని చూసి ఎవరికీ అనుమానం రాలేదని మేం మురిసిపోయాం.

నేర్పేది నేను, అరిచేది ఆవిడ. "క్లచ్ మెల్లగా వదలండి" అంటే "వదిలానుగా, నీ కారుకే మర్యాద తెలీదు" అనేది. కారు కప్పలా గెంతి ఆగిపోయేది. జర్మనీలో కుడి పక్క నుంచి వచ్చే బండికి దారివ్వాలని రూలు. అది ఆవిడకి ఎంత బాగా వచ్చంటే, చేలోకి పోయే ప్రతి బాటా దగ్గర కారాపి, కుడి వైపు చూసి, ఎవరూ రాకపోయినా కాసేపు మర్యాదకి నిలబడి, అప్పుడు కదిలేది. ఆ చేలో బాటలు బోలెడు. ఒక కిలోమీటరు వెళ్ళేసరికి నాకు మధ్యాహ్నం ఆకలి వేసేది.

అక్కడ క్రెస్ అని ఒక ముసలి రైతు ఉండేవాడు. మొదటి రోజు ట్రాక్టర్ ఆపి చూశాడు. రెండో రోజు రొట్టె ముక్క పట్టుకుని గట్టు మీద కూర్చుని చూశాడు. మూడో రోజు మేం మలుపు తిరుగుతుండగానే లేచి, ట్రాక్టరూ పాలక్యాన్లూ కోళ్ళూ కొట్టంలోకి తోలి తలుపేశాడు. "ఆయన నన్ను చూసి భయపడుతున్నాడా?" అంది వెర్నా. అబ్బే, వాన వచ్చేట్టుందేమో అన్నాను. ఆకాశం మీద మబ్బు తునక లేదు.

అయినా నేర్చుకుంది. నెల తిరక్కుండా కారు గెంతడం మానేసింది. కొండ దిగేటప్పుడు మాత్రం నోరు మూసుకుని, దవడ బిగించి, కళ్ళు ఆర్పకుండా దిగేది. దిగాక నా చెయ్యి పట్టుకుని ఊరుకునేది. ఆ చేతిని నేను ఎప్పుడూ వెక్కిరించలేదు.

చివరికి ఒక పొద్దున ఫోన్ మోగింది. పిల్లలు ఇంకా బడి బస్సు ఎక్కలేదు. ముందు వెర్నాకి, వెర్నా నుంచి నాకు, నా నుంచి పై అంతస్తు సున్‌జాకి, అలా మెట్లంతా పాకింది. సంచులు మోసుకుని అందరం కిందకి దిగాం. నేను నా కారెక్కకుండా వెర్నా వ్యాగన్ దగ్గరే తచ్చాడాను, దానికి నా కారణం నాకుంది. కానీ నాకు ఆశ్చర్యమేమిటంటే మిగతావాళ్ళూ కదల్లేదు. కొరియా అమ్మాయి సున్‌జా కోవల్‌స్కీ చంటిపిల్లల్ని వీపుకి కట్టుకునే పొడుగాటి గుడ్డ భుజాన వేసుకుని నిలబడింది. ఆమె పిల్లలేమో తొమ్మిదేళ్ళూ పదేళ్ళ వాళ్ళు. అలబామా నుంచి వచ్చిన ఆర్లెటా గేన్స్ తన కారు తలుపులన్నీ బార్లా తీసి పెట్టి, "కార్లా, డ్వైట్, నా బండిలో కూర్చుంటారా? మా వాడికి తోడుగా ఉంటుంది," అంది.

"ఎవరి పిల్లలు వాళ్ళ కారులోనే. రూలు," అని వెర్నా వాళ్ళ మొహాలు కూడా చూడకుండా స్టీరింగు ముందు ఎక్కి కూర్చుంది.

ఆర్లెటా తన తలుపులు మెల్లగా ఒక్కొక్కటే మూసింది.

మేం చేసిన పొరపాటు అప్పుడు బయటపడింది. నా ఓపెల్ గేర్ల బండి, ఎడమ కాలికి ఎప్పుడూ పని. ఓడెల్ బండి గేర్లు దానంతటదే మార్చుకుంటుంది, అందులో క్లచ్ లేదు. ఉన్నదల్లా పలకంత వెడల్పు బ్రేకు. వెర్నా ఎడమ కాలు అలవాటుగా క్లచ్ కోసం వెతికి ఆ బ్రేకుని కసిగా తొక్కింది. వ్యాగన్ ముక్కు నేలకి ఆనించి ఆగింది. వెనక సీట్లోంచి డ్వైట్ ఓట్స్ జావ గిన్నె ఎగిరి కార్లా జుట్టులో పడింది. మళ్ళీ కదిలింది, మళ్ళీ తొక్కింది. "అమ్మా, ఆ కాలు నేను పట్టుకోనా?" అంది కార్లా. వెర్నా బండాపి, ఎడమ కాలి చెప్పు విప్పి, ఆ కాలు మడిచి తన కిందే వేసుకుని దాని మీద కూర్చుంది. ఇంక ఆ నలభై మైళ్ళూ అలాగే.

వరసలో ముందు ఆవిడ, వెనక నేను, నా వెనక మిగతా ఆరు కార్లు, వాటిలో చిట్టచివరిది ఆర్లెటాది. రోడ్డెక్కాక మా ఊరేగింపుని చూడాల్సింది. కుడి పక్క బాట కనిపించిన ప్రతిచోటా వ్యాగన్ ఆగేది, దాంతో ఎనిమిది కార్లూ ఆగేవి. ఒకచోట దుంపల లోడుతో వెళ్ళే ట్రాక్టర్ మమ్మల్ని దాటుకుపోయింది. తోలేవాడు వెనక్కి తిరిగి చెయ్యూపాడు, రెండు దుంపలు కూడా రాల్చాడు. పెద్ద రోడ్డు మీద జర్మన్ కార్లు వెనక బారులు తీరి లైట్లు ఆర్పుతూ వెలిగిస్తూ గోల పెట్టాయి. ఆర్లెటా తన కారుని వాళ్ళకి అడ్డంగా పెట్టి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఎవర్నీ రానివ్వలేదు. నాకు వింతగా తోచింది అది కాదు. మా వాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు హారన్ కొట్టలేదు. మామూలుగా బట్టలుతికే గదిలో ఐదు నిమిషాలు ఆలస్యమైతే కొట్టుకు చచ్చేవాళ్ళు.

మధ్యలో ఒక పెద్ద దిగుడు ఉంది. అక్కడ వ్యాగన్ అంచున ఆగిపోయింది. ఆగి, కదల్లేదు. దిగి వెళ్దామా అంటే అందరి ముందూ ఆవిడ పరువు పోతుంది, ఊరుకుందామా అంటే లోపల ముగ్గురు పిల్లలు. అద్దంలో చూస్తే నా వెనక సున్‌జా అప్పటికే తలుపు తీసి ఒక కాలు కింద పెట్టి ఉంది. అంతలో వ్యాగన్ కదిలింది. నెమ్మదిగా, తిన్నగా, ఒక్కసారి కూడా తడబడకుండా ఆ కొండ దిగింది. నేను కళ్ళు తుడుచుకుని వెనకే దిగాను.

మైదానం దగ్గర ఒక కుర్ర లెఫ్టినెంట్ జాబితా తగిలించిన అట్ట పట్టుకుని నిలబడ్డాడు. మీ మెట్లే ఆఖరు, ఇంత ఆలస్యమేంటని అడిగాడు. "బాబూ, ఎనిమిది కార్లు బయల్దేరాయి, ఎనిమిదీ వచ్చాయి. మిగతా మెట్లవాళ్ళవి లెక్కెట్టుకో," అంది వెర్నా. ఆయన లెక్కెట్టుకున్నాడు. రెండో నంబరు మెట్ల నుంచి రెండు కార్లు దారి తప్పి ఎక్కడికో పోయాయట. ఆయన మళ్ళీ మా జోలికి రాలేదు.

ఆవిడ కిందకి దిగింది, అంటే ఒక కాలి మీద దిగింది. మడిచిన కాలు మొద్దుబారి నేల మీద ఆనలేదు. కుంటుకుంటూనే, "సంచులు దించండి," అంది. ఎవరైనా ఇంకొకరైతే ఒక చెట్టు కింద కూలబడి మంచినీళ్ళు అడిగేవారు. ఆ మొహంలో మాత్రం ఏ రాజ్యమో గెలిచొచ్చిన వెలుగు. నావైపు చూసి ఒక్క క్షణం కన్ను గీటింది.

మొదటి సంచి సున్‌జాది. వెర్నా చెయ్యి పెట్టి ఒక పాలపొడి డబ్బా తీసింది. తరవాత చంటిపిల్లల లంగోటీలు, ఒక పాలసీసా. డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "సున్‌జా, ఏమన్నా విశేషమా? ఎన్నో నెల?" అంది.

సున్‌జా ఎర్రబడిపోయింది. ఆమె ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడదు. "విశేషం కాదు. అది రూబీ తాగే రకం," అంది.

వెర్నాకి అర్థం కాలేదు, నాకూ కాలేదు. ఆవిడ పక్కనున్న ఆర్లెటా సంచి తెరిచింది. కార్లా కొలతకి సరిపోయే స్వెట్టరు, డ్వైట్‌కి సరిపోయే పైజమా. ఆర్లెటా కొడుకు పదహారేళ్ళ తాడిచెట్టు. తిండి డబ్బాలు చూస్తే అన్నీ పళ్ళ జామూ, చేపలూ. సంచుల్లో మామూలుగా అందరం వేరుశనగ వెన్న పెట్టుకుంటాం, చవక, పాడవదు. ఆ సంచిలో ఒక్కటి కూడా లేదు. వేరుశనగ తింటే డ్వైట్‌కి గొంతు వాస్తుంది.

వెర్నా ఆ డబ్బాలు వరసగా నేల మీద పెట్టి వాటివైపే చూస్తూ నిలబడింది. "ఎప్పట్నుంచి తెలుసు మీకు?" అంది.

"నువ్వొచ్చి మూడేళ్ళు," అంది ఆర్లెటా. "మూడేళ్ళలో పాలకని కూడా నువ్వు ఆ బండి తియ్యలేదు. మేమేం గుడ్డివాళ్ళం కాదుగా. సున్‌జాకి రూబీ, నాకు పెద్దవాళ్ళిద్దరూ అని పంచుకున్నాం. ఈసారి కార్లు కదుల్తాయన్నారని సంచుల్లో పెట్టాం, అంతకుముందు మా అటకల మీద ఉండేవి. నీ తనిఖీకి దొరక్కుండా."

"మరి నాకు చెప్పలేదేం?" అన్నాను నేను, ఆగలేక.

"నీకు చెప్పడమూ మైకులో చెప్పడమూ ఒకటే," అంది ఆర్లెటా. నెల రోజులపాటు నా నోట్లో నువ్వుగింజ నానిందన్న సంగతి మాత్రం ఆ రోజు ఎవరూ మెచ్చుకోలేదు.

వెర్నా మొహం కందగడ్డయింది. మూడు నెలలకోసారి సగం ట్యాంకు సగం ట్యాంకు అని నేను మిమ్మల్ని చంపుతుంటే తలలూపుతూ నిలబడ్డారా, నవ్వుకున్నారా అని అడిగింది. నవ్వుకున్నాం అంది ఆర్లెటా, ఎందుకు అబద్ధమాడాలి అన్నట్టు. నవ్వుకుంటూనే పెట్రోలు మాత్రం ముప్పావు ట్యాంకు ఉంచుకున్నాం, ముగ్గురు పిల్లలు బరువు కదా అంది. "నీకు నా పక్క సీటు. ఆ గుర్తులన్నీ చదివేదెవరు మరి?"

వెర్నా వ్యాగన్ బంపర్ మీద కూర్చుంది. కోపం ఎక్కడికో పోయింది. "మూడేళ్ళు," అంది. "సైరన్ మోగిన ప్రతిసారీ నేను కాఫీ పోస్తూ, పిల్లల్ని ఎలా దాటించాలో తెలీక లోపల చచ్చిపోయేదాన్ని. మీరెవరన్నా ఒక్క మాట చెప్పుంటే నిద్రపోయేదాన్ని కదే."

"చెప్తే నువ్వు ఒప్పుకునేదానివా?" అంది ఆర్లెటా.

సున్‌జా వంగి, పాలడబ్బా తన చేతిలోకి తీసుకోబోయింది. "ఇంక ఇది అక్కర్లేదు కదా, మిస్ వెర్నా. మీకు నడపడం వచ్చేసిందిగా. రూబీకి ఇంట్లోకి పనికొస్తుంది," అంది.

వెర్నా ఆ డబ్బా మీద చెయ్యి వేసి ఆపింది. నాలుగంతస్తులు వినపడే ఆ గొంతు పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. "ఉండనీ," అంది. "ఇవాళ ఉత్తుత్తిదని తెలుసు కాబట్టి నడిపాను. ఆ దిగుడు దగ్గర అదే అనుకున్నాను, ఉత్తుత్తిదే, ఉత్తుత్తిదే అని. నిజంగా వచ్చిన రోజున, ఓడెల్ అటు వెళ్ళిన రోజున, నా చేతులు ఏం చేస్తాయో నాకు తెలీదు. ఆ రోజు నేను ఆగిపోతే నాకోసం చూడకండి. పిల్లల్ని ఎక్కించుకుని పొండి."

"పిల్లల్ని ఎక్కించుకుంటాను. పోవడం మాత్రం పోను," అంది ఆర్లెటా. "నా పక్క సీటు ఖాళీగా పెట్టుకుని నేను ఎక్కడికీ పోను. అన్ని రూల్లూ నువ్వు చెప్పినట్టే విన్నాం. ఇది వినం."

సున్‌జా కూడా తల ఊపింది. వెర్నా వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసింది. పాలడబ్బానీ సీసానీ లంగోటీల్నీ తన చేత్తోనే సున్‌జా సంచిలో సర్ది, మూతి బిగించి, రెండు ముళ్ళు వేసింది.